భయం రోగంగా మారినప్పుడు
(అబూ జైద్ అల్ బల్ఖీ గ్రంథం, నేటి మానసిక వైద్యం: ఒక పరిశీలన)

మానవుణ్ణి సృష్టించిన అల్లాహ్ అతనికి ఆకలిని, దప్పికను, నిద్రను ప్రసాదించినట్లే భయాన్ని కూడా ప్రసాదించాడు. ఆకలి లేనివాడు శుష్కించి నశిస్తాడు. భయం లేనివాడు నిప్పును, ప్రవాహాన్ని, విషసర్పాన్ని లెక్కచేయక నశిస్తాడు. కనుక భయం స్వతహాగా దోషం కాదు. అది ప్రాణానికి పెట్టిన కాపలా. అయితే కాపలావాడు దొంగను ఆపడానికి బదులు ఇంటి యజమానినే గదిలో పెట్టి తాళం వేస్తే ఆ స్థితిని ఏమనాలి? కొందరి విషయంలో భయం ఈ పనే చేస్తుంది. బల్లి కనిపించిందని వంటగదిలోకి అడుగు పెట్టలేని గృహిణి, సూది భయంతో ఇన్సులిన్ తీసుకోలేక మధుమేహాన్ని ముదరబెట్టుకునే రోగి, విమానం ఎక్కలేక హజ్ యాత్రను ఏటేటా వాయిదా వేసుకునే స్తోమతుగల వ్యక్తి, జనసమూహంలో ఊపిరాడదేమోనన్న బెదురుతో జుమా నమాజుకు వెళ్ళడం మానుకున్న యువకుడు — వీరందరూ ఈ తాళం వేసిన గదిలో ఉన్నవారే.

ఇటువంటివారిని సమాజం సాధారణంగా రెండు విధాలుగా చూస్తుంది. కొందరు నవ్వుతారు. మరికొందరు వారి విశ్వాసాన్ని శంకిస్తారు. "అల్లాహ్‌కు తప్ప మరెవరికీ భయపడకూడదు గదా, నీ ఈమాన్‌లోనే లోపముంది" అని మందలిస్తారు. ఈ రెండు వైఖరులూ రోగి నోరు నొక్కేస్తాయి. నోరు విప్పని రోగికి చికిత్స అందదు. అందుచేత ఈ భయం స్వభావం ఏమిటి, అది ఎలా పుడుతుంది, ఎలా నయమవుతుంది అన్న విషయాలను తెలుసుకోవడం అవసరం. ఈ అంశంపై వెయ్యేండ్లకు పూర్వమే ముస్లిం విద్వాంసులు గంభీరంగా ఆలోచించారన్న సంగతి కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినది.

పదాల మధ్య వ్యత్యాసం

అరబ్బీ భాషలో భయాన్ని సూచించే పదాలు అనేకం. 'ఖౌఫ్' అంటే రాబోయే కీడును ఊహించడం వల్ల కలిగే సామాన్య భయం. 'ఖష్యత్' అంటే ఎదుటివాని ఔన్నత్యాన్ని ఎరిగి కలిగే భయభక్తులు. దివ్య ఖుర్ఆన్ ఈ గుణాన్ని జ్ఞానవంతులకు ఆపాదించింది (35:28). 'ఫజఅ' అంటే ఒక్కసారిగా ఉలిక్కిపడి, ఒళ్ళు వశం తప్పేటంతటి బెదురు. 'జజఅ' అంటే కష్టం వచ్చినప్పుడు ఓర్పు నశించి తల్లడిల్లడం. ఆధునిక అరబ్బీ వైద్య గ్రంథాలలో ఫోబియాకు 'రుహాబ్' అనే పదం స్థిరపడింది. ఫోబియా అనే మాట గ్రీకు భాషలో భయమనే అర్థమిచ్చే 'ఫోబోస్' నుండి వచ్చింది. తెలుగులో కూడా భయం, బెదురు, జడుపు, గుబులు అనే మాటలు ఒకదానికొకటి సరిసమానం కావు. బిడ్డ జడుసుకున్నదని తల్లి అన్నప్పుడు ఆమె చెప్పేది మామూలు భయం గురించి కాదు.

ఈ భేదాలను గమనించకుండా దైవభీతిని, రోగభీతిని ఒకే గాటన కట్టడం వల్లనే పైన చెప్పిన అపోహ పుట్టింది. దైవభీతి మనిషిని పాపం నుండి మరల్చి సత్కార్యం వైపు నడుపుతుంది. అది ఎరుకతో కూడినది. రోగభీతి మనిషిని పని నుండి, విద్య నుండి, వైద్యం నుండి, ఒక్కోసారి ఆరాధన నుండి కూడా మరలుస్తుంది. అది అతని ఎరుకకు విరుద్ధంగా నడుస్తుంది. గోడమీది బల్లి తనను చంపదని ఆ గృహిణికి తెలుసు. తెలిసినా కాళ్ళు కదలవు. తెలివికీ శరీరానికీ మధ్య ఏర్పడిన ఈ ఎడబాటే ఫోబియాకు ప్రధాన లక్షణం.

ఏది రోగం, ఏది కాదు?

పామును చూసి ప్రక్కకు తప్పుకున్నవాడు రోగి కాడు. పరీక్షకు ముందు గుండె దడదడలాడిన విద్యార్థి రోగి కాడు. వైద్యులు కొన్ని గుర్తులను పరిశీలించిన తరువాతనే దీనిని రోగంగా నిర్ణయిస్తారు. మొదటిది, ఒక నిర్దిష్టమైన వస్తువు గాని, ప్రాణి గాని, పరిస్థితి గాని ఎదురైన ప్రతిసారీ దాదాపు తప్పకుండా భయం కలగడం. రెండవది, ఆ భయం వాస్తవమైన అపాయంతో పొంతన లేనంత ఎక్కువగా ఉండడం. మూడవది, ఆ వస్తువును తప్పించుకు తిరగడమో, తప్పించుకోలేనప్పుడు తీవ్రమైన యాతనతో భరించడమో జరగడం. నాలుగవది, ఇది ఆరు నెలలు లేక అంతకు మించి కొనసాగడం. ఐదవది, దీనివల్ల ఉద్యోగం, చదువు, సంసారం, సంఘజీవితం దెబ్బతినడం.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో ప్రకటించిన వర్గీకరణ నాటి నుండి ఈ భయాలను మూడు తరగతులుగా విభజిస్తున్నారు. ఒకటి, ప్రత్యేక భయాలు: కుక్క, బల్లి, బొద్దింక వంటి ప్రాణులు, ఎత్తైన స్థలాలు, ఉరుములు, నీళ్ళు, లిఫ్టు, విమానం, సొరంగం, రక్తం, సూది, గాయం మొదలైనవి ఈ తరగతిలో చేరుతాయి. రెండు, సంఘభయం: నలుగురిలో మాట్లాడితే, భోజనం చేస్తే, నమాజుకు ముందు నిలబడి ఇమామత్ చేస్తే అవమానం జరుగుతుందేమోనన్న బెదురు. మూడు, బహిరంగ స్థలాల భయం: బజారు, బస్సు, గుంపు, ఇంటికి దూరమైన చోటు — అక్కడ ఏదైనా జరిగితే బయటపడలేమన్న గుబులు. ఈ మూడవ దానిని బెర్లిన్ వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ 1871లో వివరించి 'అగోరాఫోబియా' అని పేరు పెట్టాడు. 'అగోరా' అంటే గ్రీకు నగరాల సంతమైదానం.

ఈ బాధ అరుదైనది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 22 దేశాలలో జరిపిన గృహ సర్వేల ఫలితాలు 2017లో వెలువడ్డాయి. వాటి ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రత్యేక భయాలకు లోనైనవారు నూటికి సుమారు ఏడుగురు. స్త్రీలలో ఇది పురుషుల కంటే రెండింతలు. ఎక్కువమందిలో బాల్యంలోనే మొదలవుతుంది. అంటే వందమంది నమాజు చేసే మస్జిదులోనూ ఈ బాధను మనసులో దాచుకున్నవారు కొందరు ఉండడానికి ఎంతైనా అవకాశముంది.

భయం ఎలా అంటుకుంటుంది?

"సాంప్ కా కాటా రస్సీ సే డర్తా హై" అని ఉర్దూ సామెత. పాము కరిచినవాడు తాడును చూసినా భయపడతాడు. ఈ సామెతలోని విషయాన్నే ఇమామ్ గజాలీ (మరణం హి.శ. 505, క్రీ.శ. 1111) తన న్యాయశాస్త్ర మూలసూత్రాల గ్రంథమైన 'అల్ ముస్తస్ఫా'లో ఒక సిద్ధాంతంగా వివరించాడు. సర్పదష్టుడు చారల తాడును చూసి ఎందుకు బెదురుతాడు? ఒకప్పుడు అతడు ఆ ఆకారాన్ని, బాధను ఒకే సమయంలో అనుభవించాడు. కనుక ఆ ఆకారం ఎక్కడ కనిపిస్తే అక్కడ బాధ కూడా ఉంటుందని అతని ఊహాశక్తి తీర్పు చెబుతుంది. అది తాడేనని బుద్ధి చెప్పినా ఊహ వినదు. గజాలీ దీనిని మంచిచెడుల నిర్ణయంలో మనుషులు పొరబడే తీరును వివరించే సందర్భంలో చెప్పాడు. వైద్యం ఆయన ఉద్దేశం కాదు. అయినా భయం అంటుకునే మార్గాన్ని ఇంత సంక్షిప్తంగా చెప్పడం విశేషం.

అంతకు ముందే ఇబ్నె సీనా (క్రీ.శ. 980–1037) 'అష్షిఫా' గ్రంథంలోని ఆత్మశాస్త్ర భాగంలో ఇటువంటి ఉదాహరణలే ఇచ్చాడు. దెబ్బలు తిన్న కుక్క కర్రను చూడగానే పారిపోతుంది. కర్ర రూపంతో పాటు నొప్పి జ్ఞాపకం కూడా దాని మనసులో నిలిచిపోయింది. అలాగే నేలమీద పరచిన దూలంపై మనిషి అవలీలగా నడుస్తాడు. అదే దూలాన్ని లోతైన అగాధంపై వంతెనగా వేస్తే కాలు పెట్టలేడు. దూలం వెడల్పు మారలేదు, అతని కాళ్ళ బలం తగ్గలేదు. పడిపోతున్నట్లు మనసులో మెదలిన చిత్రానికి అతని అవయవాలు లొంగిపోయాయి. ఎత్తైన భవనాల అంచున నిలబడలేనివారి స్థితికి ఇంతకంటే సరళమైన వివరణ దొరకడం కష్టం.

ఆధునిక యుగంలో ఈ విషయాన్ని ప్రయోగం ద్వారా చూపడానికి ప్రయత్నించినవారు అమెరికాకు చెందిన జాన్ వాట్సన్, రోజలీ రేనర్. 1920లో ప్రకటించిన ఆ ప్రయోగంలో, ఏడాది నిండని ఒక పసివాడు తెల్ల ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనుక నుండి ఇనుప కడ్డీని సుత్తితో కొట్టి పెద్ద చప్పుడు చేశారు. కొన్నిసార్లు ఇలా జరిగిన తరువాత చప్పుడు లేకపోయినా ఎలుకను చూడగానే బిడ్డ ఏడవసాగాడు. తరువాత కుందేలు వంటి ఇతర జంతువులను చూసి కూడా బెదిరాడు. ఆ భయాన్ని తొలగించకుండానే బిడ్డను పంపివేశారు. నేటి వైద్యనీతి దీనిని ఎంతమాత్రం అంగీకరించదు.

అయితే ప్రతి భయానికీ ఇటువంటి ఒక దుర్ఘటన మూలంగా ఉండాలన్న నియమం లేదు. తల్లి పిల్లిని చూసి కేకవేస్తే చూసిన బిడ్డకు ఆ భయం అబ్బవచ్చు. దయ్యాల కథలు, బూచి బెదిరింపులు పసిమనసులో నాటుకోవచ్చు. కొందరిలో వంశానుగతంగా త్వరగా బెదిరే స్వభావం ఉంటుంది. మానవజాతికి అనాదిగా అపాయకరమైన పాము, ఎత్తు, చీకటి వంటివాటి పట్ల భయం సులభంగా అంటుకుంటుందని, కారు వంటి కొత్త వస్తువుల పట్ల అంత సులభంగా అంటుకోదని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మార్టిన్ సెలిగ్మన్ 1971లో ప్రతిపాదించాడు.

భయం పుట్టడం ఒక ఎత్తు, అది నిలిచిపోవడం మరొక ఎత్తు. భయపడినవాడు ఆ వస్తువుకు దూరంగా తొలగిపోతాడు. తొలగగానే గుండె నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదే అతనికి బహుమానమై, తొలగిపోవడాన్ని మరింత అలవాటు చేస్తుంది. కుక్క ఉన్న వీధిని వదిలి చుట్టుదారిన పోయేవాడికి ఆ కుక్క కరవదని తెలుసుకునే అవకాశమే రాదు. ఈ విధంగా ఊరటే రోగానికి ఆహారమవుతుంది. చికిత్సకు ఇక్కడే తాళంచెవి ఉంది.

బల్ఖీ మహాశయుని గ్రంథం

అబూ జైద్ అహ్మద్ ఇబ్నె సహల్ అల్ బల్ఖీ నేటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ నగర సమీపాన ఒక గ్రామంలో హి.శ. 235 (క్రీ.శ. 850) ప్రాంతంలో జన్మించాడు. తండ్రి బడిపంతులు. యౌవనంలో ఇరాక్ వెళ్ళి కొన్ని సంవత్సరాలు విద్యాభ్యాసం చేశాడు. ఆయన తత్వవేత్త అల్ కిందీ శిష్యుడని చరిత్రకారులు చెబుతారు. భూగోళ శాస్త్రంలో, పటాల రచనలో ఆయన పేర ఒక సంప్రదాయమే ఏర్పడింది. హి.శ. 322 (క్రీ.శ. 934)లో పరమపదించాడు.

ఆయన గ్రంథాలలో 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్‌ఫుస్' — అనగా 'దేహాల, ఆత్మల సంక్షేమం' — ఇక్కడ ప్రస్తావించదగినది. దీని రాతప్రతులు ఇస్తాంబుల్‌లోని అయాసోఫియా సంగ్రహంలో భద్రంగా ఉన్నాయి. ఫువాద్ సెజ్గిన్ 1984లో ఫ్రాంక్‌ఫర్ట్ నుండి రాతప్రతి ప్రతిబింబాన్ని ప్రచురించాడు. ఆత్మకు సంబంధించిన భాగాన్ని సూడాన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మాలిక్ బద్రీ (1932–2021) ఆంగ్లంలోకి అనువదించగా 2013లో వెలువడింది. ఈ గ్రంథంలోని భయ ప్రకరణాన్ని నేటి ఫోబియా నిర్వచనాలతో పోల్చి రానియా అవాద్, సారా అలీ అనే పరిశోధకులు 2016లో ఒక వైద్య పత్రికలో వ్యాసం ప్రకటించారు.

గ్రంథం రెండు భాగాలు. మొదటి దానిలో దేహారోగ్యం, రెండవ దానిలో మానసికారోగ్యం. రెండవ భాగంలోని ఎనిమిది ప్రకరణాలలో కోపానికి, భయానికి, దుఃఖానికి, వస్వాస్‌కు వేర్వేరుగా ప్రకరణాలున్నాయి. బల్ఖీ వాదన ఇలా సాగుతుంది: శరీరరోగం లేకుండా చాలాకాలం గడిపేవారు ఉండవచ్చు గాని, కోపం, దిగులు, భయం సోకని మనిషి లేడు. అయినా వైద్యులు శరీరానికి మాత్రమే మందులు వ్రాసి మనసును విస్మరించారు. దేహం, మనసు ఒకదానినొకటి ప్రభావితం చేస్తాయి గనుక రెండింటి వైద్యం కలిసి సాగాలి.

భయ ప్రకరణంలో ఆయన 'ఫజఅ'ను ప్రత్యేకించి వర్ణించాడు: ముఖం పాలిపోతుంది, కాళ్ళుచేతులు వణుకుతాయి, మనిషి తన పని చక్కబెట్టుకునే శక్తిని కోల్పోతాడు. దీనికి ఆయన సూచించిన చికిత్సలో మూడు అంశాలు ముఖ్యమైనవి.

మొదటిది ఆలోచనను సరిదిద్దడం. మనిషి భయపడే విషయాలలో అధికభాగం ఎదురైనప్పుడు ఊహించినంత హాని చేయవు. దీనికి ఆయన పొగమంచు ఉపమానం చెప్పాడు. పొగమంచును ఎన్నడూ చూడనివాడు దూరం నుండి చూసి దానిని చొరరాని గట్టి గోడ అనుకుంటాడు. దగ్గరకు పోయి లోపల ప్రవేశించిన తరువాత అది తాను ఊపిరి పీల్చుకోగలిగిన చెమ్మగాలి మాత్రమేనని గ్రహిస్తాడు. ఈ ఉపమానంలోని సూక్ష్మాన్ని గమనించాలి. దూరాన నిలబడి ఎంత ఆలోచించినా అతనికి నిజం పూర్తిగా తెలియదు. లోపలికి నడిస్తేనే తెలుస్తుంది.

రెండవది అభ్యాసం. దేనిని చూస్తే, దేనిని వింటే మనసు బెదురుతుందో దానిని కంటికి, చెవికి మాటిమాటికి ఎదురుపడనివ్వాలి. అలవాటు పడినకొద్దీ మనసు దానిని లెక్కచేయడం మానుతుంది.

మూడవది ముందుజాగ్రత్త. ఆరోగ్యవంతుడు ఆపత్కాలం కోసం ఇంట్లో మందులు ఉంచుకున్నట్లే, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడే మేలైన ఆలోచనలను కూడబెట్టుకోవాలి. భయం ఒక్కసారిగా కమ్ముకున్నప్పుడు కొత్తగా ఆలోచించే స్థితి ఉండదు, దాచిపెట్టినదే పనికివస్తుంది.

బల్ఖీ నేటి మానసిక వైద్యాన్నంతా ముందే కనిపెట్టాడని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆయనకు నియంత్రిత ప్రయోగాలు లేవు, కొలమానాలు లేవు. గ్రీకుల వైద్యసంపుటిలో కూడా, రాత్రి విందులో పిల్లనగ్రోవి వింటే వణికిపోయే నికానోర్ అనే వ్యక్తి ప్రస్తావన ఉంది. కాని అటువంటి భయాన్ని వర్ణించడంతో ఆగక, ఆలోచన, అభ్యాసం అనే రెండు మార్గాల చికిత్సను ఒకేచోట క్రమపద్ధతిలో చెప్పిన ఘనత బల్ఖీకి దక్కుతుంది. ఆ ఘనతకు అతిశయోక్తి అవసరం లేదు.

నేటి చికిత్సా విధానం

1924లో మేరీ కవర్ జోన్స్ అనే మహిళ పీటర్ అనే సుమారు మూడేండ్ల బాలుని భయాన్ని పోగొట్టిన తీరును ప్రకటించింది. బాలునికి కుందేలంటే భయం. అతడు ఇష్టమైన తిండి తింటున్న సమయంలో కుందేలును పంజరంలో దూరంగా ఉంచి, రోజురోజుకు కొంచెం దగ్గరకు జరిపారు. చివరకు బాలుడు కుందేలును ప్రేమగా నిమిరే స్థితికి వచ్చాడు. దక్షిణాఫ్రికా వైద్యుడు జోసెఫ్ వోల్పె 1958లో ప్రచురించిన గ్రంథంలో ఈ పద్ధతిని శాస్త్రీయంగా రూపొందించాడు. కండరాలను సడలించి శరీరాన్ని విశ్రాంతపరచడం నేర్పిన తరువాత, రోగిచేత భయకారణాన్ని మెట్టు మెట్టుగా ఊహింపజేయడం అతని విధానం. ఆ తరువాత లండన్‌లో ఐజక్ మార్క్స్ మొదలైనవారి పరిశోధనలు, ఊహలో కంటే వాస్తవంలో ఎదుర్కోవడం ఎక్కువ ఫలప్రదమని నిరూపించాయి.

ఈనాటి చికిత్స క్రమం ఇలా ఉంటుంది. మొదట వైద్యుడు రోగితో కలిసి ఒక నిచ్చెనను తయారుచేస్తాడు. బల్లి భయమే ఉదాహరణగా తీసుకుంటే: కాగితంపై బల్లి బొమ్మ చూడడం మొదటి మెట్టు, రంగుల ఛాయాచిత్రాన్ని చేతితో పట్టుకోవడం రెండవది, రబ్బరు బల్లిని తాకడం మూడవది, గాజుసీసాలో ఉన్న బల్లిని గది అవతలి నుండి చూడడం నాలుగవది, ఆ సీసాకు దగ్గరగా కూర్చోవడం ఐదవది, బల్లి ఉన్న గదిలో ఉండి పనిచేసుకోవడం ఆరవది. ప్రతి మెట్టు దగ్గర రోగి తన భయాన్ని సున్న నుండి నూరు వరకు అంకెలలో చెబుతాడు.

ఈ పద్ధతిలో కొన్ని నియమాలు ప్రాణప్రదమైనవి. రోగికి తెలియకుండా, అతని అనుమతి లేకుండా ఏ మెట్టూ ఎక్కించకూడదు. భయం పెరిగిన క్షణంలో పారిపోకుండా, తాను ఊహించిన కీడు జరగలేదని గ్రహించేదాకా అక్కడే నిలవాలి. అదే మెట్టును వేర్వేరు చోట్ల, వేర్వేరు రోజులలో మళ్ళీ మళ్ళీ చేయాలి. ఎందుకంటే పాత భయం మెదడు నుండి తుడిచిపెట్టుకుపోదు. దాని ప్రక్కన 'ఇది అపాయం కాదు' అనే కొత్త పాఠం వ్రాయబడుతుంది. అభ్యాసం ఎంత విస్తృతమైతే కొత్త పాఠం అంత బలపడుతుంది. అందువల్ల నయమైన భయం కొంతకాలానికి తిరిగి తొంగిచూస్తే చికిత్స విఫలమైందని నిరాశ చెందనక్కరలేదు. అభ్యాసాన్ని మళ్ళీ మొదలుపెడితే చాలు.

చికిత్సకు ఏండ్లు పట్టవు. స్వీడన్‌కు చెందిన లార్స్ గోరాన్ ఓస్ట్ 1989లో వివరించిన పద్ధతిలో మూడు గంటల వరకు సాగే ఒకే విడతలో అనేకమందికి ప్రత్యేక భయాలు గణనీయంగా తగ్గాయి. ఎత్తైన స్థలాల వంటి భయాలకు కంప్యూటర్ సృష్టించిన దృశ్యాలను కళ్ళజోడు ద్వారా చూపించి అభ్యాసం చేయించే పద్ధతిపై 1995లో తొలి పరిశోధనలు వెలువడ్డాయి. విమాన భయానికి కూడా అది ఉపయోగపడుతున్నది.

రక్తం, సూది భయం మాత్రం మిగిలినవాటికి భిన్నమైనది. ఇతర భయాలలో గుండెవేగం, రక్తపోటు పెరుగుతాయి. ఇందులో మొదట కొంచెం పెరిగి, వెంటనే ఒక్కసారిగా పడిపోతాయి. అందుకే ఈ రోగులు స్పృహ తప్పుతారు. వీరికి శరీరాన్ని సడలించమని చెప్పడం తప్పు. ఓస్ట్, స్టెర్నర్ 1987లో ప్రకటించిన పద్ధతి ప్రకారం చేతులు, కాళ్ళు, ఛాతీ కండరాలను ముఖం వెచ్చబడే వరకు పది పదిహేను సెకన్లు బిగించాలి, తరువాత అరనిమిషం వరకు మామూలు స్థితికి రానివ్వాలి, ఇలా ఐదుసార్లు చేయాలి. దీనివల్ల రక్తపోటు పడిపోకుండా నిలుస్తుంది. గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు, గర్భవతులు వైద్యుని అడిగిన తరువాతనే ఇది చేయాలి.

ఇక మందుల విషయం. బెదురును తాత్కాలికంగా అణచే నిద్రమాత్రల వంటి మందులు ప్రత్యేక భయాలను నయం చేయవు. పైగా అలవాటుపడే ప్రమాదముంది, కొత్త పాఠం నేర్చుకోవడానికి అడ్డం రావచ్చు. సంఘభయానికి, బహిరంగ స్థలాల భయానికి, వాటితో కలిసి వచ్చే దిగులుకు కొన్ని మందులు నిజంగా మేలు చేస్తాయి. ఏది ఎవరికి అన్నది వైద్యుడే నిర్ణయించాలి.

విశ్వాసం, భయం, చికిత్స

భయపడడం విశ్వాసలోపానికి గుర్తు కాదనడానికి దివ్య ఖుర్ఆన్‌లోనే స్పష్టమైన ఆధారం ఉంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన చేతికర్ర సర్పమై కదలడం చూసి వెనుదిరిగి పరుగెత్తారు (28:31). తరువాత మాంత్రికుల త్రాళ్ళు పాకుతున్నట్లు కనిపించినప్పుడు కూడా ఆయన మనసులో భయం కలిగింది (20:67). మహోన్నతుడైన ఒక ప్రవక్తకు కలిగిన సహజ భయాన్ని గ్రంథం దాచలేదు, నిందించలేదు. భయపడవద్దని ధైర్యం చెప్పి, ఆ సర్పాన్నే చేతితో పట్టుకోమని ఆజ్ఞాపించినట్లు తెలిపింది (20:21). ఫిరౌను సభలో బెదరకుండా ఉండేందుకే ఆ దృశ్యం ముందుగా ఏకాంతంలో చూపబడిందని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు. ఈ ఆయతులను వైద్య పాఠాలుగా చదవడం సరికాదు. కాని భయపడినవాణ్ణి అవిశ్వాసి అని నిందించేవారు వీటిని మననం చేసుకోవడం అవసరం.

ఇమామ్ గజాలీ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో దుర్గుణాలకు వాటి వ్యతిరేక గుణాల అభ్యాసమే చికిత్స అన్నాడు. పిరికితనాన్ని పోగొట్టుకోవడానికి ఒక పెద్దమనిషి చలికాలంలో అలలు చెలరేగే వేళ సముద్రయానం చేసేవాడని ఉదాహరణ కూడా చెప్పాడు. అయితే అదే ప్రకరణంలో, ఒక్కసారిగా సాధ్యం కానివానిని మెట్టు మెట్టుగా నడిపించాలని, పిల్లవాణ్ణి మొదట ఆటవస్తువుల ఆశచూపి బడికి అలవాటు చేసినట్లు చేయాలని బోధించాడు. సముద్రం అందరికీ మందు కాదు. నిచ్చెన మాత్రం అందరికీ ఉపయోగపడుతుంది.

దుఆ, దిక్ర్, ఖుర్ఆన్ పారాయణం విశ్వాసి మనసుకు బలం. వాటికి, చికిత్సకు విరోధం లేదు. ప్రతి రోగానికీ అల్లాహ్ మందును సృష్టించాడని, కనుక వైద్యం చేయించుకోవాలని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. కాని ఒక సూక్ష్మాన్ని గమనించాలి. తావీదు చేతికి ఉంటేనే లిఫ్టు ఎక్కగలను, అది లేకపోతే అడుగు వేయలేను అనే వ్యక్తికి భయం పోలేదు. తావీదు పోతుందేమోనన్న మరో భయం దానికి తోడైంది. ఎప్పుడూ తోడు మనిషి ఉండాలనడం, జేబులో మాత్ర తడుముకోవడం కూడా ఇటువంటివే. దుఆ మనిషిని భయకారణం వైపు నడిపిస్తే అది తవక్కుల్. దాని నుండి తప్పించుకునే సాకుగా మారితే ఆ లోపం దుఆది కాదు, దానిని వాడుకున్న భయానిది. ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త బోధ ఇక్కడ కూడా వర్తిస్తుంది.

ఇంటిల్లిపాది బాధ్యత

రోగి కుటుంబం చేసే పొరపాట్లు రెండు. ఒకటి, ప్రతిదానినీ అతని బదులు తామే చేసిపెట్టి తప్పించుకోవడాన్ని సులభం చేయడం. రెండు, వేళాకోళం. బల్లికి జడిసే పిల్లమీదికి బల్లిని విసరడం, నీటికి బెదిరే బాలుణ్ణి బావిలోకి తోయడం ధైర్యం నేర్పవు. భయాన్ని రెట్టింపు చేస్తాయి, పెద్దలపై నమ్మకాన్ని చంపుతాయి. ఒక ప్రయాణంలో నిద్రిస్తున్న సహచరుని వస్తువును కొందరు సరదాగా తీయగా అతడు బెదిరిపోయాడు. సాటి ముస్లింను భయపెట్టడం ఏ ముస్లింకూ తగదని దైవప్రవక్త (స) ఆ సందర్భంలో హెచ్చరించినట్లు అబూ దావూద్ హదీసు సంపుటిలో ఉంది. పరిహాసాన్ని చికిత్స అనుకునేవారికి ఈ హదీసు చాలు.

బెదురు వల్ల రోజువారీ జీవితం కుంటుపడినప్పుడు మానసిక వైద్యుణ్ణి గాని, మనస్తత్వ నిపుణుణ్ణి గాని సంప్రదించాలి. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. అక్కడికి వెళ్ళడం పిచ్చికి గుర్తు అన్న పాత అభిప్రాయం చాలామందిని గడప దాటనివ్వదు. అటువంటివారు 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ప్రారంభించిన 'టెలీ మానస్' సేవకు 14416 అంకెపై ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: 'భయకారణాన్ని క్రమంగా ఎదుర్కొనే చికిత్స మీ దగ్గర ఉందా?'

సూదికి భయపడి ఇన్సులిన్ మానుకున్న రోగి ప్రాణం, విమాన భయంతో వాయిదాపడుతున్న హజ్, గుంపు భయంతో తప్పిపోతున్న జుమా — ఇవన్నీ కొద్ది వారాల ఓపికైన అభ్యాసంతో తిరిగి దక్కవచ్చు. బల్ఖీ చెప్పిన పొగమంచు ముందు నిలబడినవానికి కావలసినవి, అది గోడ కాదని చెప్పే ఒక మాట, అందులోకి మొదటి అడుగు వేసేటప్పుడు ప్రక్కన నిలిచే ఒక మనిషి. ఆ మాట చెప్పడం వైద్యుల విధి. ప్రక్కన నిలవడం తోబుట్టువుల, స్నేహితుల, మస్జిదు సాటివారి విధి.